రెండో పాత్ర

కొత్తగా చేరిన మూల సరిగా అన్నం తిని పదకొండు రోజులైంది. కృష్ణ ఒడ్డున, కొండమీది భిక్షుణీ విహారంలో ఆ సంగతి అందరికన్నా ముందు నాగబోధికకే తెలిసింది. కొత్తగా వచ్చినవారిని తీర్చిదిద్దే బాధ్యత ఆమెది. రోజూ మూల భిక్షాపాత్రలోకి తొంగిచూసేదీ ఆమే.

మూల తీరు వేరు. భిక్షలో దొరికిన అన్నం, పప్పు, పులుసు ఒకే పాత్రలో కలిసిపోతే ముట్టేది కాదు. పక్కవాళ్ళు నమిలే చప్పుడుకు చెవులు మూసుకునేది. ఎవరేమన్నా, అన్నమాటను అన్నట్టే పట్టుకునేది.

"మా మూల అన్నానికీ పప్పుకీ మధ్య గట్టు వేస్తుందమ్మా, దాయాదుల పొలంలాగ" అని తోటివాళ్ళు నవ్వేవారు.

"పొలం కాదు, అన్నం" అనేది మూల, నవ్వకుండా.

నాగబోధికకు అదంతా జిహ్వచాపల్యంగా తోచింది. ఒకనాడు పిలిచి ఎదుట కూర్చోబెట్టుకుని, "మూలా, ఈ దేహం మురికి నిండిన తోలుతిత్తి. దాన్ని నింపుతూ కూర్చోకు" అని బోధించింది.

మూల శ్రద్ధగా విన్నది. మర్నాటినుంచి నింపడం మానేసింది.

ఇప్పుడు మెట్లు ఎక్కలేకపోతోంది. రేవులో నీళ్ళమీద తన నీడ కనబడితే కళ్ళు మూసుకుంటోంది.

"బతిమాలాను, కసిరాను, దేహం ఉంటేనే ధర్మమని కూడా చెప్పాను" అంది నాగబోధిక, వృద్ధ గురువు బుద్ధరక్షిత ముందు చేతులు జోడించి. "'ఈ రెండింట్లో ఏది నిజం?' అని నన్నే అడుగుతుందమ్మా. మొండిది. పోతుందేమోనని భయంగా ఉంది."

"తోలుతిత్తి మాట ఎక్కడిది?"

"మీదేనమ్మా. నేను వచ్చిన కొత్తలో మీరే చెప్పారు."

"అప్పుడు నువ్వెలా ఉండేదానివి?"

నాగబోధిక రత్నాల వర్తకుడి కూతురు. తల గొరిగించుకున్నాక కూడా కడవలో ముఖం చూసుకుని మురిసేది. ఆ మాటే ఆమెను బాగుచేసింది.

"నీ జ్వరానికి కాచిన కషాయం అది" అంది బుద్ధరక్షిత. తన నల్లని మట్టిపాత్ర చేతబట్టుకుని లేచింది. అది ఆమెకు ఆమె గురువు ఇచ్చినది.

మూల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బుద్ధరక్షిత కాస్త ఎడంగా నేలమీద కూర్చుంది.

"ఏది తినగలవు, తల్లీ?"

ఇంతవరకు మూలను ఎవరూ అలా అడగలేదు. ఇటు తిరగకుండానే చెప్పింది.

"తెల్లన్నం. దానికి ఇంకేదీ తగలకూడదు. చప్పుడు ఉండకూడదు. నన్ను ఎవరూ చూడకూడదు."

బుద్ధరక్షిత తన పాత్రలో ఉత్త అన్నం పెట్టింది. పులుసు మూల పాత్రలో విడిగా పోసింది. రెండూ ఆమె పక్కన ఉంచింది. ఒక్కొక్కరికి ఒక్క పాత్రే అన్నది విహారపు నియమం. గుమ్మంలో నిలబడ్డ నాగబోధిక ఆ రెండు పాత్రలకేసి చూసింది.

"తిత్తి మాటో?" అంది మూల.

"అది నాగబోధిక కోసం చెప్పిన మాట. నీకోసం కాదు."

"నాకే చెప్పింది. పేరు పెట్టి పిలిచి చెప్పింది."

నాగబోధిక ఒక అడుగు ముందుకు వేసింది. "తప్పు చెప్పాను, మూలా."

"అందులో ఏ మాట తప్పు?"

"అన్నీ."

"సరే" అంది మూల, గోడనే చూస్తూ. "కానీ నాకు గుర్తుంటాయి. విన్నవి నాకు పోవు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే నాగబోధిక అక్కడ నిలబడలేకపోయింది.

బయటికి వచ్చాక అడిగింది, "నేనేం చెయ్యనమ్మా?"

"రోజూ ఈ వేళకు ఆ గుమ్మంలో అటు తిరిగి కూర్చో. ఎవరినీ లోపలికి రానీయకు."

"మరి తిన్నదో లేదో నాకెలా తెలుస్తుంది?"

"ఇన్నాళ్ళూ చూశావుగా, తిన్నదా?" అంది బుద్ధరక్షిత.

మర్నాడు ఆ వృద్ధురాలు మోదుగాకుల దొప్ప పట్టుకుని భిక్షకు దిగి వెళ్ళింది. మధ్యాహ్నం కాకముందే నాగబోధిక గుమ్మంలో, గదికి వీపు పెట్టి కూర్చుంది. కింద కృష్ణ ఎండలో మెరుస్తోంది.

చాలాసేపటికి వెనుక మట్టిపాత్ర నేలమీద జరిగిన చప్పుడైంది. దగ్గరకు జరిగిందో, దూరంగా జరిగిందో.

నాగబోధిక తల తిప్పలేదు.