చిక్కుడు గింజల కుండలో ఉప్పు

వారం రోజుల్లో బాలశౌరి మాటపట్టు. అంటే, ఇక బతికినంతకాలం ఈ మఠానికే అంకితమని ప్రమాణం చేయడం. మూడేళ్ళుగా దానికోసమే ఎదురుచూస్తున్నాడు. తీరా సమయం వచ్చేసరికి గురువు జోజప్ప స్వామి సరేననడం లేదు.

కారణం చిన్నప్ప. మఠంలో తోటపని ఆయనది, చదువు రాదు. ఒకరోజు పాపం గుడిలో విన్న క్రీస్తు మాటేదో సంబరంగా చెప్పబోతే, "అక్షరమ్ముక్క రానివాడివి, నీకెందుకయ్యా సువిశేషం? పాదులు తవ్వుకో" అనేశాడు బాలశౌరి. అంతే, ఆ పెద్దమనిషి నలుగురిలో నోరు విప్పడం మానేశాడు.

"మనసులో ఎప్పుడో క్షమాపణ చెప్పుకున్నాను స్వామీ. దేవుడికి తెలుసు. ఇంకేం కావాలి?" అన్నాడు బాలశౌరి.

"ఊఁ. రేపు వంట నువ్వే చెయ్యి" అన్నారు స్వామి.

స్వామి గోవాలో చదువుకున్న మనిషి. అక్కడి పాత స్నేహితుడొకరు సాసేజీలు పంపాడు. పంది మాంసం, ఎండుమిరప కారం కూరి, జపమాల పూసల్లా దారానికి కట్టినవి. ఎండు చిక్కుడు గింజలతో కలిపి ఒకే కుండలో ఉడికించాలన్నారు.

బాలశౌరి రాత్రే గింజలు నానేశాడు. పొద్దున్నే ఉల్లి, వెల్లుల్లి వేయించి, గింజలు పోసి, అలవాటు కొద్దీ గుప్పెడు ఉప్పు వేశాడు. ఆపైన సాసేజీలు. ఘుమఘుమలాడిపోయింది వంటగది. కాసేపాగి రుచి చూస్తే, బాబోయ్! నోట్లో పెట్టలేం.

"కొంప మునిగింది స్వామీ! వాటిలోనే అంత ఉప్పుందని నాకేం తెలుసు?"

స్వామి ఒక చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించారు. "ఏం ఫరవాలేదు. తగ్గిపోయిందని మనసులో అనుకో."

"అనుకుంటే తగ్గుతుందా స్వామీ?" అని విసుక్కుని, వెంటనే నాలుక కరుచుకున్నాడు బాలశౌరి.

స్వామి ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూశారు. "ఇంకో బుట్టెడు పచ్చి గింజలు పడితే సర్దుకుంటుంది. చిక్కుడు పందిరి కింద చిన్నప్ప కాయలు ఒలుస్తున్నాడు."

బాలశౌరి బుట్ట తీసుకుని మెల్లగా పందిరి వైపు నడిచాడు. వెళ్ళి నిలబడ్డాడు.

"చిన్నప్పన్నా, ఆ రోజు పొగరుకొద్దీ అన్నాను. తప్పు నాదే."

చిన్నప్ప తలెత్తలేదు. "అన్నావు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నాను, ఆ మాట ఎవరూ అనలేదు" అన్నాడు.

బాలశౌరికి కళ్ళనీళ్ళు తిరిగాయి. చిన్నప్ప ఇంకో నాలుగు కాయలు ఒలిచాడు. చివరికి కాయల్లో సగం ఇటు తోశాడు. "కూర్చో. ఒక్కడినే ఒలిస్తే పొద్దుపోతుంది."

ఇద్దరూ ఒలిచారు. ఇద్దరూ కుండలో పోసి, మరిన్ని నీళ్ళు చేర్చి ఉడికించారు. చిన్నప్ప రుచి చూసి తినొచ్చన్నాడు. బాలశౌరికి ప్రాణం లేచొచ్చింది, గబగబా స్వామి దగ్గరికి వెళ్ళాడు.

"క్షమాపణ చెప్పేశాను స్వామీ. చిన్నప్పన్న మాట్లాడాడు కూడా!"

"సంతోషం. ఇంతకీ ఆ రోజు ఆ మాట ఎక్కడన్నావు?"

బాలశౌరి మొహంలో నవ్వు మాయమైంది. "భోజనాల దగ్గర స్వామీ. అందరి ముందూ."

"భోజనాల గంట కొట్టు" అన్నారు స్వామి. "అందరూ వస్తారు."