ఊడదీసిన జానెడు

"స్వామీ, నేను మళ్లీ మునుపటి మనిషిని ఎప్పుడవుతాను?" అని అడిగాడు నేతగాడు వీరభద్రం. నడుముకు ఆపరేషనై ఎనిమిది నెలలైంది. ఇక మెల్లగా మగ్గం దగ్గర కూర్చోవచ్చని డాక్టరు చెప్పి నెల దాటింది.

మా గురువు సోమప్పగారికి ప్రశ్న అడిగితే కూర్చున్నచోట జవాబు చెప్పే అలవాటు లేదు. కండువా భుజాన వేసుకుని, అడిగినవాడి ఇంటికి బయలుదేరతారు. శిష్యులం కొందరం వెంట నడిచాం.

మధ్యాహ్నం వేళ. వీధిలో మగ్గాల చప్పుళ్లన్నీ కలిసిపోయి ఎక్కడో వాన పడుతున్నట్టు వినిపిస్తున్నాయి. కిటికీలోంచి పడే ఎండలో నూలు ధూళి తేలుతోంది, కింద వాలాలన్న తొందరే లేదు దానికి. మగ్గం మీద, ఆపరేషనుకు ముందు సగం నేసి వదిలేసిన చీర ఉంది.

"ఏం చెప్పమంటారు స్వామీ!" అంది వీరభద్రం భార్య నూకరత్నం. "పొద్దున జానెడు నేస్తారు. పాత నేతతో కలవలేదని సాయంత్రానికి పోగు పోగూ ఊడదీస్తారు. నెల్లాళ్లుగా ఇదే తంతు. చెబితే వినరు, పట్టిన కుందేటికి మూడే కాళ్లు."

"మునుపటి చెయ్యి రావడం లేదు స్వామీ. ఇక రాదేమోనని భయంగా ఉంది," అన్నాడు వీరభద్రం.

సోమప్పగారు మగ్గం పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, బట్ట మీద వేలు నడిపించారు. పాత నేత మీద చాలాసేపు, ఆ పొద్దున నేసిన జానెడు మీద ఇంకాసేపు. నిద్రపోయారేమో అనుకున్నాం. మాకూ కునుకు పట్టేలా ఉంది.

"పాత నేత కుడివైపు బిగువు, ఎడమవైపు వదులు. ఎందుకని?"

వీరభద్రం తనూ తడిమి చూశాడు. "అప్పుడు నడుము నొప్పికి ఎడమకాలు లాగేసేది స్వామీ. ఇంట్లో కూడా చెప్పకుండా, కుడివైపుకి ఒరిగి నేసేవాణ్ణి."

"మరి ఈ జానెడు?"

కొత్త నేత పలచగానే ఉంది. కానీ ఈ అంచు నుంచి ఆ అంచుకి సమంగా ఉంది. వీరభద్రం దాని మీద నుంచి చెయ్యి తీయలేదు. నూకరత్నం కొంగుతో కళ్లొత్తుకుంది.

సోమప్పగారు లేచి, గడప దగ్గర ఆగారు.

"ఆ ఒరిగినవాడి కోసమేనా నాయనా, నిటారుగా కూర్చున్న ఇతన్ని రోజూ ఊడదీస్తున్నావు?"