చెమర్చని కంచు

తణుకులో, ఫ్యాన్ల ఇరుసు చుట్టూ తొడిగే కంచు బుష్షులు చేసే కనకాచారికి ఏ లోహమైనా అద్దంలా మెరిస్తేగాని తృప్తి ఉండేది కాదు. అతని భార్య వీరమణి రాగి పొడి, తగరం పొడి కలిపి అచ్చులో పోసి గట్టిగా నొక్కేది. కనకాచారి వాటిని కొలిమిలో పెట్టి, కరిగిపోకుండా, రేణువులు ఒకదానికొకటి అంటుకునేంత వరకే కాల్చేవాడు. రేణువుల మధ్య సన్నని ఖాళీలు మిగిలేవి. తర్వాత బుష్షులను వేడి నూనెలో నానబెడితే ఆ ఖాళీలన్నీ నూనె తాగేవి. ఫ్యానులో ఇరుసు తిరిగి వేడెక్కినప్పుడు నూనె పైకి ఊరేది. చల్లారితే మళ్లీ లోపలికి పోయేది. పైనుంచి ఎవరూ నూనె వేయనక్కర్లేదు.

ఒకసారి కోళ్ల హేచరీ నడిపే మంగతాయారు వచ్చింది.

"గుడ్లు పొదిగే గదిలో ఫ్యాన్ల బుష్షులు అరిగిపోయాయి, ఆచారిగారూ. గాలి ఆడకపోతే పిల్లలు గుడ్డులోనే చచ్చిపోతాయి. మంచివి చూసి ఇవ్వండి," అంది.

"చూపు తిప్పుకోలేనివి ఇస్తానమ్మా," అన్నాడు కనకాచారి.

నూనెలోంచి తీసిన బుష్షులు మసకగా, గరుగ్గా ఉన్నాయి. అతను నున్నని ఉక్కు కడ్డీ తీసుకుని వాటి లోపలి వైపు ఒత్తి ఒత్తి రుద్దసాగాడు.

"ఏమయ్యా, ఆవిడ వాటిని ఫ్యానులో పెడుతుందా, ముక్కుకు పెట్టుకుంటుందా?" అంది వీరమణి.

"నీకేం తెలుసే! ఇరుసు ఎలా జారుతోందో చూడు," అని తిప్పి చూపించాడు. నిజంగానే వెన్నలా జారింది. మంగతాయారు ఆ మెరుపు చూసి మురిసిపోయి పట్టుకెళ్లింది.

వారం తిరగకముందే ఫోను వచ్చింది.

"ఆచారిగారూ, ఫ్యాన్లు పట్టేసి ఆగిపోయాయి! పిల్లలు రేపోమాపో బయటికొస్తాయి. గది ఉడికిపోతోంది. అట్టలతో విసురుతున్నాం!"

వీరమణి ఇంట్లో మిగిలిన వాటిలోంచి మెరిసే బుష్షు ఒకటి, మెరుగు పెట్టని బుష్షు ఒకటి కొలిమి అంచున పెట్టింది. కాసేపటికి మసక బుష్షు లోపలంతా నూనె చెమటలా పట్టింది. మెరిసేదాని లోపల ఒక్క చుక్కా రాలేదు.

"మెత్తటి కంచు కదా, రుద్దుడికి సాగి రంధ్రాల మీద పరుచుకుంది. వాటి నోళ్లు నేనే మూసేశాను," అన్నాడు కనకాచారి.

మెరుగు పెట్టని బుష్షులు సంచిలో వేసుకుని ఇద్దరూ హేచరీకి పరుగెత్తారు. ఒక్కొక్కటే బిగించారు. ఫ్యాన్లు తిరిగాయి. గది మెల్లగా చల్లబడింది.

మర్నాడు చాలా ట్రేలలో పిల్లలు కిచకిచలాడాయి. గోడ పక్క ట్రేలలో మాత్రం ఒక్క పెంకూ చిట్లలేదు. మంగతాయారు ఒక గుడ్డు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇవిక రావు, ఆచారిగారూ," అంది.

ఆ గుడ్డు ఇంకా వెచ్చగానే ఉంది. కనకాచారి తల వంచుకున్నాడు.

మన కంటికి నచ్చాలని ఒక వస్తువును దిద్దేముందు, అది చేయవలసిన పని చెడుతుందేమో చూసుకోవాలి. ఎందుకంటే మన మోజు వల్ల కలిగే నష్టం చాలాసార్లు ఏ పాపం ఎరగనివాళ్ల మీద పడుతుంది.