బోణీ పేరు

మౌలాలికి నిద్ర పట్టడం లేదు. పరుపులు అమ్ముకునేవాడికి నిద్ర కరువేమిటని నవ్వకండి. వైద్యుడికి జ్వరం రాదా?

హైదరాబాదులో అతనికి పరుపుల దుకాణం ఉంది. కొన్నవాళ్ళకు ఉత్తరాలు రాయడానికి ఒక సాఫ్ట్‌వేర్ పెట్టాడు. ఎవరు ఏ పరుపు కొన్నారో, ఎప్పుడు కొన్నారో, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో అన్నీ దానికి తెలుసు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తూ ఈమెయిల్ పంపుతుంది. చాలాకాలంగా దుకాణం వైపు చూడనివాళ్ళకు ‘మీరు గుర్తొస్తున్నారు’ అని రాస్తుంది. అడుగున ‘మీ మౌలాలి’ అని సంతకం కూడా అదే పెడుతుంది. దానికి అలుపు లేదు, మొహమాటం అంతకన్నా లేదు.

జనం ఆ ఉత్తరాలు తెరుస్తున్నారు, చదువుతున్నారు. దుకాణానికి మాత్రం మళ్ళీ రావడం లేదు.

నిద్ర పట్టకపోవడానికి అది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం గురువు.

నల్లమల అంచున, గిద్దలూరు దాటాక, కొండవాలులో ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే బుడన్‌సాహెబ్ దగ్గర మౌలాలి దూదేకడమూ నేర్చుకున్నాడు, నోరు మూసుకుని కూర్చోవడమూ నేర్చుకున్నాడు. రెండోది కష్టమైన విద్య. పట్నం పోతానన్నప్పుడు గురువు వద్దనలేదు. “పోయి రా. నేను పిలిచినప్పుడు రా” అన్నాడు. పిలుపు రాకుండా శిష్యుడు ఆ గడప దాటకూడదన్నది అక్కడి కట్టుబాటు.

గురువుకు ఫోనులో మాట వినపడదు. బతుకంతా దూదేకే విల్లు మోత విన్న చెవులు మరి. అందుకని మౌలాలి వెళ్ళేముందు ఒక ఫోను కొనిచ్చి, అందులో ఈమెయిల్ పెట్టించాడు. “నా ఉత్తరం వస్తుంది సామీ. దాని కింద ఈ బాణం గుర్తు నొక్కి, రెండు ముక్కలు రాస్తే చాలు, నాకు చేరుతుంది” అని వేలు పట్టి నేర్పించాడు.

ఆ రెండు ముక్కల కోసం ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. పొద్దున లేవగానే ఫోను చూస్తాడు. సరుకు ధరలుంటాయి, బ్యాంకు హెచ్చరికలుంటాయి. పెళ్ళయింది, కూతురు పుట్టింది, దుకాణం పెద్దదయింది. గురువు పిలవలేదు. మరిచిపోయాడేమో అనుకుంటే గుండెలో కలుక్కుమంటుంది. పనికిరానివాడినని వదిలేశాడేమో అనుకుంటే అన్నం సయించదు.

చివరికి ఒక శుక్రవారం కట్టుబాటు కాలదన్ని బస్సెక్కాడు. దారి పొడుగునా ఒక సాకు తయారుచేసుకున్నాడు.

దర్గా పక్క గదిలో బుడన్‌సాహెబ్ ముక్కుకు గుడ్డ కట్టుకుని దూదేకుతున్నాడు. గడ్డం ముందే తెల్లబడింది, దూది రేణువులు పడి ఇంకా తెల్లగా ఉంది. మౌలాలి గడప బయటే ఆగిపోయాడు. గురువు చాలాసేపటికి తలెత్తి చూశాడు. విల్లు పక్కన పెట్టి, ముఖానికున్న గుడ్డ విప్పి, లేచి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

“పిలవకుండా వచ్చినాను సామీ. తప్పయింది” అన్నాడు మౌలాలి, చెవి దగ్గర గట్టిగా.

“పిలవకుండానా?” అన్నాడు గురువు. మౌలాలి ముఖంలోకి చూశాడు. “సరే. తిన్నావా?”

“తిన్నాను సామీ. ఒక మాట అడగాలని వచ్చినాను. మా దుకాణంలో కొన్నోళ్ళకు ఉత్తరాలు పంపుతాం. అందరినీ పేరు పెట్టి పిలుస్తాం. అయినా ఎవరూ దగ్గరికి రావడం లేదు. ఎందుకంటారు?”

గురువు ఏదో అనబోయాడు. అంతలో ఆయన చొక్కా జేబులో ఫోను అదిరింది. తీసి చూశాడు. ఆ ముఖం పండుగనాటి ముఖమయింది.

“ఆగు నాయనా” అన్నాడు చెయ్యెత్తి. “ఉత్తరం వచ్చింది. దీనికి జవాబిచ్చి నీతో మాట్లాడతా.”

కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒంటి వేలితో రాయసాగాడు. దూరం నుంచి వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని మౌలాలికి మనసు చివుక్కుమంది. ఎవరా అదృష్టవంతుడని తొంగి చూశాడు.

‘బుడన్‌సాహెబ్ గారూ, మిమ్మల్ని చూసి చాలా రోజులైంది. మీరు గుర్తొస్తున్నారు. మీ మౌలాలి.’

అప్పుడు గుర్తొచ్చింది. దుకాణం తెరిచేటప్పుడు మంచి చెయ్యి చూసి బోణీ చేయించుకుంటారు. అలాగే సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజున, కలిసొస్తుందని మొదటి పేరు గురువుదే ఎక్కించాడు. ఉత్తరాలు శుక్రవారం వెళ్ళేలా పెట్టిందీ అతనే. ఆ తర్వాత రెండు సంగతులూ మరిచిపోయాడు. తన చేత్తో మాత్రం గురువుకు ఒక్క ఉత్తరమూ రాయలేదు. పరుపు కొనని మనిషి కాబట్టి, సాఫ్ట్‌వేర్ వారం వారం ఆయన్ను తలుచుకుంటూనే ఉంది.

“సామీ, అది నేను రాసింది కాదు” అన్నాడు చెవి దగ్గర. “మిషను రాస్తుంది.”

“తెలుసులే.”

“మరి జవాబెందుకు సామీ?”

“నీ పేరుతో పిలిచింది కదా. పిలిస్తే పలకద్దా?”

గురువు రాయడం ముగించి బాణం గుర్తు నొక్కాడు. ఆ జవాబు ఎక్కడికి పోతుందో మౌలాలికి తెలుసు. దుకాణం ఉత్తరాలకు వచ్చే జవాబులన్నీ ఒక పెట్టెలో పడతాయి. ‘దయచేసి దీనికి జవాబివ్వకండి’ అని ఉత్తరం అడుగున సన్నక్షరాల్లో రాయించాడు కాబట్టి దాన్ని ఎవరూ తెరవరు. ఆ ఏర్పాటూ అతనిదే.

తన ఫోనులో ఆ పెట్టె తెరిచాడు.

నిండిపోయి ఉంది. ‘మౌలాలి గారూ, గుర్తుపెట్టుకున్నందుకు సంతోషం. ఆ పరుపు మా అమ్మకని కొన్నాను. ఆమె ఇప్పుడు లేదు. ఊరికే చెప్పాలనిపించింది.’ ‘బాబూ, పాప పుట్టింది, పరుపు మీదే పాకుతోంది.’ పేరు పెట్టి పిలిస్తే పలికినవాళ్ళు. ఎవరికీ తిరిగి ఒక్క ముక్క పోలేదు.

వాళ్ళ మధ్య, వారం వారం, బుడన్‌సాహెబ్.

‘నువ్వూ గుర్తొస్తున్నావు. రా.’

‘వాన పట్టింది. పత్తి ఆరలేదు. నువ్వుంటే బాగుండు. రా.’

‘రంజాను నెల వచ్చింది. నీ గిన్నె బోర్లించే ఉంది. రా.’

‘జవాబు రాలేదు. పని ఎక్కువుందేమో. తీరిక చూసుకునే రా.’

ఇప్పుడే పడిన ఉత్తరం అన్నిటికన్నా పైన ఉంది. ‘నా ఎదురుగా ఒక పిల్లోడు కూర్చున్నాడు. అచ్చం నీ మాదిరే ఉన్నాడు. నువ్వెప్పుడొస్తావు?’

మౌలాలి పెద్దవాళ్ళు ఏడ్చేలా ఏడవలేదు. మోచేత్తో ముఖం తుడుచుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గురువు ఊరుకోమనలేదు. గడప మీద రాలిన దూదిని వేలితో పోగుచేస్తూ కూర్చున్నాడు.

ఏడుపు తగ్గాక మౌలాలి ఆ పెట్టెలో అడుగుకంటా వెళ్ళి, అన్నిటికన్నా పాత ఉత్తరం తెరిచాడు. దాని కింద బాణం గుర్తు నొక్కి, తన వేలితో రెండు ముక్కలు రాశాడు.

గురువు జేబులో ఫోను అదిరింది. ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు.

‘వచ్చాను సామీ.’

చాలాసేపు చదివాడు. తర్వాత కళ్ళజోడు తీసి, గడప మీద నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

“ఇప్పుడు పలికినావు నాయనా” అన్నాడు. “లోపలికి రా.”