మడ అడవిలో పొగ పడవలు

అనగనగా ఒక మడ అడవి. చెట్లు బురదలో కాళ్లు పెట్టుకుని నిలబడతాయే, అదన్నమాట. ఆ అడవి పక్కనుంచి ఏరు పారేది. ఏటికి అవతల లంక, ఇవతల రేవు.

లంకలో పండిన అరటి గెలల్ని ముగ్గురు రేవుకు తెచ్చేవారు. నీటికుక్క గంగులు, బావురుపిల్లి సూరమ్మ, అడవిపంది భీముడు. ముగ్గురివీ పొగ పడవలే. మడచెట్లు కొట్టి, ఆ కట్టెలు పొయ్యిలో వేస్తే పడవ ఉరికేది. తెరచాపలూ ఉన్నాయి కానీ వాటిని విప్పినవాళ్లు లేరు.

ఎందుకంత తొందర? రేవులో పీతల పెద్ద వీరయ్య నడిపే కట్టుబాటు ఒకటుంది. ముందొచ్చిన పడవకే ముందు దింపుడు. పీతలన్నీ కలిసినా ఒక్కసారి ఒక్క పడవనే ఖాళీ చేయగలవు. అందుకని ముగ్గురూ పొయ్యి నిండా కట్టెలు కుక్కి పందెం వేసుకునేవారు. పరుగెత్తి పాలు తాగేది ఒక్కరే. మిగతా ఇద్దరూ పరుగెత్తి కూడా ఎండలో పడిగాపులు పడేవారు. పాపం, గెలలు నల్లబడతాయని వాళ్ల భయం వాళ్లది.

ఏటి ఒడ్డున కొంగ తెల్లమ్మ గూడుంది. అందులో ఒక్కటే పిల్ల. పొగకు రోజంతా దగ్గేది. రెక్కలొచ్చినా ఎగిరే ఊపిరి లేదు.

తెల్లమ్మ భీముడి దగ్గరకెళ్లింది. "నా ఒక్కడి పొగకే దగ్గుతోందా నీ పిల్ల?" అన్నాడతను.

సూరమ్మ దగ్గరకెళ్లింది. "వాళ్లిద్దరూ ఆపితే నేనూ ఆపుతానమ్మా" అంది.

గంగులు దగ్గరకెళ్లి, "అన్నా, రాత్రి నా పిల్ల ఊపిరాడక నీలబడింది" అంది.

గంగులుకూ పిల్లలున్నారు.

మర్నాడు అతను పొయ్యి వెలిగించలేదు. తెరచాప విప్పాడు. మెల్లగా రేవు చేరేసరికి భీముడి గెలలు ఇంకా దింపుతూనే ఉన్నారు. సూరమ్మ ఎండలో కూర్చుని తిట్టుకుంటోంది. గంగులు వంతు రాకముందే పైగెలలన్నీ మగ్గి కారిపోయాయి. అతనికి ఏడుపొచ్చింది.

"అంత మంట పెట్టి వచ్చావు కదా వదినా, ఇంకా ఇక్కడే ఉన్నావేం?" అని సూరమ్మను అడిగాడు. ఆ మాట అడిగాక అతనికే ఏదో తట్టింది. తిన్నగా వీరయ్య దగ్గరకు నడిచాడు.

"పెద్దయ్యా, ఎవరు ముందో ఇక్కడ కాదండి, లంకలో బయల్దేరకముందే చెప్పేయండి. చివరివాడు గెలల్ని చెట్టునీడనే ఉంచుకుని, తన వేళకు బయల్దేరతాడు. రోజుకొకరు ముందు."

"తాతల నాటి కట్టురా ఇది" అని వీరయ్య మూతి ముడిచాడు.

"తాతల నాడు పొగ పడవలు లేవు కదండీ."

రోజూ ముగ్గురి అరుపులూ వినలేక వీరయ్యా విసిగిపోయి ఉన్నాడు. "సరే గానీ, పొద్దున్నే లంకకు కబురెవరు తీసుకెళ్తారు?"

"నేను తీసుకెళ్తాను" అంది అప్పుడే రేవులో వాలిన తెల్లమ్మ.

మొదటిరోజు భీముడు నమ్మక మళ్లీ మంట పెట్టి ఉరికాడు. అతని వంతు కాదని రేవులో వీరయ్య అతని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆ తర్వాత అతనూ తెరచాప విప్పాడు. గాలి లేనిరోజు నాలుగు కట్టెలు వేసేవారు, అంతే. ఏటి మీద పొగ పలచబడింది. నరికిన మోళ్లు చిగురించాయి.

ఒకరోజు గంగులుది చివరి వంతు. నింపాదిగా వస్తుంటే తెరచాప కొయ్య మీద ఏదో వాలింది. చూస్తే తెల్లమ్మ పిల్ల. ఏరు దాటి ఎగిరొచ్చింది. గంగులు కళ్లు చెమ్మగిల్లాయి.

"మామా, అందరికంటే వెనకపడ్డావు. ఓడిపోయావా?" అంది పిల్ల.

"పందెమే లేదు కదమ్మా, ఓడిపోవడానికి" అన్నాడు గంగులు. పిల్ల దగ్గకుండా నవ్వింది.

నీతి: అందరూ ఉరికేచోట ఒక్కడు ఆగితే నష్టపోతాడు. ఉరికించే కట్టునే మారిస్తే అందరూ బాగుపడతారు.