పచ్చి సరుకు విందు

వేలుపుకోన రాజు మల్లభూపతికి కొత్త మాట వినబడితే చాలు, తల దానంతటదే ఊగుతుంది. ఈసారి ఊపినవాడు శంఖద్వీపం రాయబారి చంద్రకేతుడు. మెడలో ఏడు బిరుదు పతకాలు, నోట్లో ఒకటే పాట.

"ఎవరికి ఏది బాగా వస్తే వాళ్లు అదే చెయ్యాలి ప్రభూ! మీ నేలలో నువ్వులు బాగా పండుతాయి. పండించి మాకు అమ్మండి. గానుగలు ఆపించెయ్యండి. నూనె మా దగ్గర చవగ్గా కొనుక్కోండి. ఇద్దరికీ లాభమే."

రాజు మురిసిపోయాడు.

"రేపు మధ్యాహ్నం లోగా ఈ వాదాన్ని ఎవరైనా పడగొట్టండి. లేదా, ఒప్పందానికి ముద్ర వేసేస్తాను" అన్నాడు సభతో.

ఆస్థాన పండితులు తమ ఉత్తరీయాల అంచులు పరీక్షించుకోసాగారు. వంటశాల పెద్ద పేరమ్మ మాత్రం ఆ మాట విని ఊరుకోలేకపోయింది. ఆమె పుట్టిల్లు గానుగ వీధిలోనే. అక్కడ మూడు వందల గానుగలు ఆగితే మూడు వందల పొయ్యిలు ఆరిపోతాయి.

సాయంత్రం ఆమె ఓ పడవ వర్తకుణ్ణి పిలిపించి, శంఖద్వీపం రేవులో దేనికెంత సుంకమో అడిగింది. విని, నవ్వుకుంది. నేరుగా రాజు దగ్గరికి వెళ్లింది.

"వాదాలు నాకు రావు ప్రభూ. రేపు రాయబారిగారికి విందు చేస్తాను."

పక్కనే ఉన్న చంద్రకేతుడు పకపకా నవ్వాడు. "గరిటె కూడా శాస్త్రానికి దిగిందే!"

మర్నాడు రాజు విస్తట్లో పొగలు కక్కే అన్నం, గుత్తి వంకాయ. రాయబారి విస్తట్లో గుప్పెడు వడ్లు, పచ్చి కంద ముక్క, కాసిని నువ్వులు. మర్యాదకి కంద కొరికి, నాలుక దురదతో ఎగిరిపడ్డాడాయన.

"ఏమిటమ్మా ఇది? వండినవేవీ?"

"లోపలున్నాయండీ. తమ విస్తట్లోకి రావాలంటే సుంకం కట్టాలి. పచ్చివాటికి లేదు. తమ రేవు పద్ధతే పాటించాను. అక్కడ మా నువ్వులు ఊరికే వస్తాయి. మా నూనెకైతే నూటికి అరవై."

రాజు చేతిలో ముద్ద ఆగిపోయింది. "అరవయ్యా? ఆ మాట చెప్పలేదేం?"

"అది... చిన్న నియమం ప్రభూ" అని నసిగాడు రాయబారి.

"చిన్నదేగా, ఎత్తెయ్యండి" అంది పేరమ్మ. "అంత చవక నూనె పెట్టుకుని మా నూనెకి భయమెందుకు?"

"ఎత్తేస్తే ఎలా?" చంద్రకేతుడు నోరు జారాడు. "మీ నూనె వచ్చిపడితే మా గానుగలవాళ్లు ఏం తిని బతకాలి?"

పేరమ్మ అతని విస్తట్లో ఇంకో దోసెడు నువ్వులు వడ్డించింది.

"ఇవే తినమనండి!"

విందుకొచ్చిన సభంతా గొల్లున నవ్వింది. రాజుకి నవ్వి నవ్వి పొలమారింది. చేతి బంగారు కడియం తీసి పేరమ్మ చేతిలో పెట్టి, దాని మీద తాటాకు ఒప్పందం కూడా పెట్టాడు.

"ఇది బాగా ఎండింది, పేరమ్మా. పొయ్యిలోకి పనికొస్తుంది."