చెట్టు విరుగుడు దోమకెలా వచ్చింది

అనగనగా అంటే మీ తాతల తాతలకీ తెలియనంత అనగనగా, ఏటి పక్కన ఒక ఊరుండేదర్రా. ఆ ఊళ్ళో సన్యాసమ్మని ఒక అత్త, మంగతాయని ఒక కోడలు. మగదిక్కు లేని ఇల్లు. వాళ్ళకున్నదల్లా రాచవంగ తోట. ఆ వంగాకు ఎంత విషమంటే, కొరికిన గొంగళి చచ్చేది, ఎగిరొచ్చిన మిడత చచ్చేది, రసం పీల్చిన పేనుబంక చచ్చేది. కాయలు మాత్రం వెన్నముద్దలే! రాజుగారి వంటింటికి అవే వెళ్ళేవి.

ఊ కొడుతున్నారా? ఊఁ.

ఒక ఏడు తెల్లదోమ వచ్చిపడింది. పొద్దస్తమానం ఆ విషపు రసమే తాగుతుంది, చావదు. ఆకులన్నీ ముడుచుకుపోయాయి. చెట్టే దోమతో కుమ్మక్కై దొంగకి తలుపు తీసిందన్నాడు రాజుగారి మంత్రి. అయితే ఏడోనాటికి వంగతోటలన్నీ తగలబెట్టమన్నాడు రాజు.

మంగతాయి గట్టుమీద కూర్చుని ఆలోచించి ఆలోచించి, అత్తనడిగింది.

"అత్తా, ఇంత విషం పెట్టుకుని చెట్టెందుకు చావదు?"

సన్యాసమ్మ నాటువైద్యం ఎరిగిన మనిషి. "విషం నూరేవాడు విరుగుడు పక్కనే పెట్టుకుంటాడే. ఆ చెట్టు విరుగుడు దాని వేళ్ళలో ఉంది," అంది.

మంగతాయి పొద్దున్నే మూడు ముంతల్లో ఆకురసం పోసింది. ఒకటి ఉత్త రసం. ఒకదాంట్లో వేరు నూరి కలిపింది. దోమ కూడా చావట్లేదు కదా అని ఒకదాంట్లో తెల్లదోమల్ని నూరి కలిపింది. మధ్యాహ్నానికి మూడింట్లోనూ పేనుబంకని వేసి చూసింది. ఉత్త రసంలోది చచ్చింది. వేరు రసంలోది బతికింది. దోమ రసంలోదీ బతికింది!

సన్యాసమ్మ వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. రెండింట్లోనూ చేదు ఒకేలా విరిగింది. "ఇది చెట్టు సొత్తు కదే! తల్లి కడుపులోంచి రావాలి గానీ దోమకి చెట్టులోంచి వస్తుందా?" అని గుండెమీద చెయ్యేసుకుంది.

ఏడోనాడు కాగడాలతో రాజు రానే వచ్చాడు. మంగతాయి అడ్డంగా నిలబడి, చెట్టు తప్పేం లేదు, దాని విరుగుడే దోమ ఒంట్లో ఉందని చెప్పింది. మంత్రి పడీ పడీ నవ్వాడు.

"ఏం, వంగచెట్టు దోమని కన్నదా?"

"కనలేదయ్యా. కనకుండానే ఇచ్చింది."

"ఎలా ఇచ్చింది?" అన్నాడు రాజు.

"నాకు తెలీదు మహారాజా. ఎప్పుడో ఏ దోమ ముత్తవ్వకో చేరుంటుంది. అది తన పిల్లలకిచ్చింది, ఆ పిల్లలు వాళ్ళ పిల్లలకిచ్చారు."

తెలీదన్న మాట రాజుకి నచ్చింది. మంత్రి నోట ఆ మాట ఏనాడూ వినలేదు మరి! దోమని వదిలించమని ఇంకో ఏడు రోజులు గడువిచ్చాడు.

ఇది మీ పిన్ని చెప్పిందర్రా, కాలేజీలో పాఠాలు చెబుతుంది కదా. ఒంట్లో ఏది ఎలా తయారుచెయ్యాలో రాసుండేదాన్ని జన్యువంటారట. అది అమ్మానాన్నల నుంచే కాదు, ఎప్పుడైనా అరుదుగా సంబంధంలేని జీవి నుంచి కూడా వస్తుందట.

సరే, మంగతాయి ఏమనుకుందీ? దోమ దగ్గరున్నది వంగ విరుగుడొక్కటే, అన్ని చెట్ల విషాలకీ విరుగుడు దానికెక్కడిదీ అనుకుంది. జిల్లేడు చల్లింది, పోలేదు. ఉమ్మెత్త చల్లింది, పోలేదు. వేపగింజలు నూరి కషాయం చల్లింది. మూడోనాటికి దోమ ఊకలా రాలింది. గడువు తీరేనాటికి కొత్త చిగుళ్ళు వేశాయి. రాజు కాగడాలు ఏట్లో ముంచేయించాడు.

ఒక్క చివరి వరుసకి మాత్రం మంగతాయి కషాయం కొట్టలేదు. అత్త కేకలేసింది. కోడలు ఆకు తిరగేసి, అడుగున ఉన్న తెల్లటి నలకల్ని చూస్తూ, "ఎవరో ఇచ్చినదాన్ని ఇన్ని తరాలు పోగొట్టుకోకుండా మోసుకొచ్చాయత్తా. మొత్తం తుడిచెయ్యడానికి చెయ్యి రావట్లేదు," అంది. సన్యాసమ్మ కేకలు మానేసి, తనూ ఆ ఆకు పక్కనే వంగి కూర్చుని చూసింది.

కన్నవాళ్ళిచ్చిందే కాదు నాన్నా, ఎవరెవరో ఇచ్చినవి కూడా మనలో ఉంటాయి. పోగొట్టుకోకండి. కథ కంచి దారి పట్టింది, ఇక మనం దుప్పటి దారి పడదాం.